పాల రంగు పెట్టె

"తెలుపు కాదత్తయ్యా, పాల రంగు," అంది వెన్‌చీ మళ్ళీ.

"మా వీధిలో రెండిటికీ ఒకటే పేరు. పెళ్ళి కేకులు ఇందులో పెట్టి పంచితే, ఎవరు పోయారని అడుగుతారు," అంది చెంగ్‌హాన్ తల్లి.

భోజనాల బల్ల మీద నమూనా పెట్టె, పక్కన పళ్ళెంలో కోసిన పెళ్ళి కేకు. ఆ ఇంటివాళ్ళ బేకరీ కేకు పంచకపోతే తైనాన్ ఊళ్ళో పెళ్ళి జరిగినట్టే కాదని వీధంతా అంటుంది. ఈసారి పెళ్ళి ఆ ఇంట్లోనే, చెంగ్‌హాన్‌ది. పెట్టె గీసింది కాబోయే కోడలు వెన్‌చీయే. బ్రాండ్ డిజైన్ ఆమె ఉద్యోగం.

"పెసరపప్పు పూర్ణంలో తీపి తగ్గింది," అంది నాయనమ్మ నములుతూ.

చెంగ్‌హాన్ చెల్లెలు యీరౌ ఒక ముక్క తీసి వెన్‌చీ ముక్కు ముందు ఆడించింది. "వదినకు లేదుగా. పెళ్ళికూతురు తన కేకు తానే తింటే తన అదృష్టాన్ని తానే మింగేసినట్టు."

"వాసన చూడొచ్చా?"

"చూడొచ్చు," అంది నాయనమ్మ. "ఎక్కువసేపు కాదు."

అందరూ నవ్వారు. చెంగ్‌హాన్ నవ్వుతూనే ఇంకో ముక్క అందుకున్నాడు.

"నువ్వేమంటావురా?" అడిగింది తల్లి.

"రెండూ బాగున్నాయమ్మా."

"బల్ల మీద ఉన్నది ఒకటే పెట్టె," అంది వెన్‌చీ.

ఈ మెతకతనం చూసే ఆమె అతన్ని ప్రేమించింది. ఓ రోజు వానకు ఈ బేకరీ వసారాలో నిలబడి, పైనున్న బోర్డు చూస్తూ, "ఈ అక్షరాలు రాసినవాణ్ణి పట్టుకుని తన్నాలి," అని ఫోన్లో స్నేహితురాలితో అంది. పక్కనున్న అబ్బాయి, "ఆయన పోయారండీ. మా నాన్న," అన్నాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోతుంటే, "ఆయనా అదే అనేవారు లెండి," అని గొడుగు చేతిలో పెట్టాడు. ఎవరినీ నొప్పించలేని మనిషి అనుకుంది. అలాంటివాళ్ళు నొప్పి తప్పించడానికి ఏమేం చేస్తారో అప్పుడు ఆలోచించలేదు.

మర్నాడు అతను లెక్కలు చెప్పే స్కూలుకు వెళ్ళింది. తొమ్మిదో తరగతి పిల్లలకు తన ఉద్యోగం గురించి చెప్పమని పిలిచింది అతనే.

పేర్లు కనపడకుండా కాగితాలు అంటించిన టీ సీసాలు టేబుల్ మీద వరసగా పెట్టింది. "ఏది ఏ కంపెనీదో చెప్పండి."

క్లాసంతా ఒక్కసారే చెప్పేసింది.

"ఎలా తెలిసింది?"

"ఆకుపచ్చ మూత మేడమ్."

"ఆ మూతకు ఏ ఆకుపచ్చ వేయాలో ఎవరో నెలల తరబడి ఆలోచించారు. నా ఉద్యోగం అలాంటిది."

"మూతకు రంగు వేస్తే జీతం ఇస్తారా మేడమ్?" అన్నాడు వెనక బెంచీవాడు.

"మొదట్లో తక్కువే. మీ అమ్మకు చెప్పకు."

తర్వాత పాల రంగు పెట్టె తీసింది. "ఇది నేను తప్పు చేసిన పెట్టె. నాకు నచ్చేలా గీశాను. కానీ పెళ్ళి కేకులు విప్పేది నేను కాదు, మీ అమ్మమ్మలు, పెద్దమ్మలు. గీయడం ఎవరైనా నేర్పుతారు. విప్పేది ఎవరో మీరే వెతుక్కోవాలి. ఇంకో సంగతి. పెట్టె మీద ఏం చెబుతామో లోపల అదే ఉండాలి. లేకపోతే జనం ఒక్కసారే కొంటారు."

పొద్దున్నే గీసిన ఎర్ర పెట్టె బొమ్మ పైకెత్తి చూపించింది. కిటికీ దగ్గర నిలబడ్డ చెంగ్‌హాన్ ముఖం వెలిగిపోయింది. అమ్మ మాట నెగ్గించావా అన్నట్టు చూశాడు. ఆమె కనుబొమ్మ ఎగరేసింది. పిల్లలు "ఓ..." అని రాగం తీశారు.

ముందు వరసలో, పళ్ళకు క్లిప్పులున్న అమ్మాయి చెయ్యెత్తింది. "ఇంత బాగుంటే మీరెందుకు మానేస్తున్నారు మేడమ్?"

"నేనా?"

"పెళ్ళయ్యాక బేకరీ కౌంటర్లో కూర్చుంటారని సార్ చెప్పారు. అడగాల్సినవన్నీ ఇవాళే అడిగేయమన్నారు."

చెంగ్‌హాన్ చేతులకు లేని చాక్‌పీసు పొడి దులుపుకుంటున్నాడు.

"నాకంటే ముందు మీకే తెలిసింది," అంది వెన్‌చీ. పిల్లలు జోకనుకుని నవ్వారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. "అయితే నేనిది చదవొచ్చా, వద్దా?"

"చదువు. నీ గురించి ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో మాత్రం కనుక్కుంటూ ఉండు."

బయట వాన మొదలైంది. వరండాలో చెంగ్‌హాన్ గొంతు తగ్గించాడు. "సంబంధం మాట్లాడినప్పుడు అమ్మకి అలా చెప్పాను. లేకపోతే ఒప్పుకునేది కాదు."

"నాకెప్పుడు చెబుదామనుకున్నావు?"

"పెళ్ళయ్యాక, నెమ్మదిగా. నువ్వు వద్దంటే అమ్మే సర్దుకునేది."

"నేను సర్దుకుంటే?"

అతను చేతిలోని గొడుగు విప్పాడు.

"అంటే అదే జరుగుతుందనుకున్నావు. అందుకే పిల్లలకు కూడా చెప్పేశావు."

"మీ ఇద్దరిలో ఎవరినీ బాధపెట్టకూడదని..." గొడుగు ఆమె మీదికి జరిపాడు. "నాకు నీ మీద ప్రేమ లేదనకు, వెన్‌చీ."

"అనను. ఉంది. అందుకే ఇంత కష్టంగా ఉంది," అంటూ వానలోకి నడిచింది.

సాయంత్రం అందరూ బల్ల చుట్టూ ఉండగానే వచ్చి, ఎర్ర పెట్టె బొమ్మ ముందు పెట్టింది. తల్లి కళ్ళజోడు సర్దుకుని చూసి మురిసిపోయింది.

"ఇదీ పెట్టంటే. నువ్వొచ్చి కౌంటర్లో కూర్చుంటే ఇక నాకు దిగులేముందే."

మాటలో కల్మషం లేదు. ఆమెకు ఎలా చెప్పారో అలాగే నమ్మింది.

"రంగు విషయంలో మీరే కరెక్టు అత్తయ్యా. ఇది ఉంచుకోండి. మీ దగ్గర కేకులు కొనే పెళ్ళివాళ్ళకు పనికొస్తుంది."

పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుంది.

"వదినా, నువ్వు తినకూడదు," అంది యీరౌ.

"ఇక తినొచ్చు యీరౌ."

మెల్లగా నమిలి మింగింది. చెంగ్‌హాన్ తలెత్తలేదు.

"తీపి సరిపోయింది నాయనమ్మా," అంది వెన్‌చీ.

నాయనమ్మ ఆమె ముఖం చూసింది, మనవడి వంచిన తల చూసింది. పళ్ళెం ఆమె వైపు జరిపింది.

"ఇంకోటి తీసుకో," అంది.