అడుగున లచ్చిమి ఉండాది

గిద్దలూరు దాటి, నల్లమల అంచుదాకా జీపులో పోయి, అక్కడినుంచి వాగు వెంట నడిస్తే గుళ్ళబోడు కొండ వస్తుంది. ఏ రాజు తొలిపించాడో ఎవరికీ తెలియని గుహాలయాలు ఆ కొండ పొడవునా వరుసగా ఉన్నాయి. వాటిని చెక్కినవాళ్ళు ఎంత ఓపికతో చెక్కారో తెలియదు గాని, తర్వాత వచ్చిన జనం చేసిన నిర్వాకం మాత్రం కళ్ళెదుటే ఉంది. ద్వారపాలకుల ముఖాల మీద సున్నం, స్తంభాల మీద బాణం గుచ్చిన గుండెకాయలు, వాటి కింద ప్రేమికుల పేర్లు, గర్భగుడిలో బీరు సీసాలు, ఎముకలు అతుక్కున్న కాగితం పళ్ళేలు. వాటి పక్కన గబ్బిలాల కంపే నయం. పాపం, వాటికి వేరే ఇల్లు లేదు.

ఆ గుహలను నలుగురికీ తిప్పి చూపించడమే నాంచారి బతుకుతెరువు. జీపు నడిపేవాడు తమ్ముడు ఓబులేసు. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. ఈ లోకంలో నాంచారికి నా అనేవాడు వాడొక్కడే. వాడు గడ్డాలు మీసాలు వచ్చిన మగాడయ్యాడు గాని, వాడు కొండెక్కితే ఇప్పటికీ ఆమె కళ్ళు వాడి కాళ్ళ మీదే ఉంటాయి. వాడికేమో ఈ పాత జీపు మీద మనసు విరిగింది. సొంతంగా కొత్త బండి కొనాలనే ధ్యాస పట్టుకుంది.

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి పురందరరావు అనే కాంట్రాక్టరు ఫోన్ చేశాడు.

"శనాదివారాలు వద్దమ్మా. జనం ఉండొద్దు. నేను, మా మాస్టారు, గంతే. శిల్పాలు నిమ్మళంగ చూడాలె" అన్నాడు.

నాంచారికి ప్రాణం లేచొచ్చింది. కోడికూర వండుకోవడానికి చోటుందా, డీజే పెట్టుకోవచ్చా అని అడగకుండా శిల్పాల ఊసెత్తిన మనిషి ఇన్నాళ్ళకు దొరికాడు. ముచ్చటపడి ఆ ప్రయాణాన్ని అమర్చింది. తెల్లవారగానే బయలుదేరాలి. తూరుపు వెలుతురు పడేవేళకు ఆడే శివుడి గుహలో ఉండాలి, అప్పుడే ఆ పాదాలు కదిలినట్టుంటాయి. ఎండ ఎక్కితే వాగు ఒడ్డున నీడలో దుప్పటి పరిచి జొన్నరొట్టెలు, చెనగవిత్తనాల ఊరిబిండి పచ్చడి, పెరుగు. పొద్దు వాలకముందే దిగిరావాలి. అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర కాశింవలీకి మాట కూడా ఇచ్చింది.

"నీ మొగం చూసి ఇడుస్తాండా నాంచారమ్మా. ఒక్క రాయి కదిలినా ఈ దావ మూసేస్తా" అన్నాడు కాశింవలీ.

"నా పూచీ అన్నా" అంది నాంచారి.

ఆ పూచీ ఎలాంటివాళ్ళకు ఇచ్చిందో మొదటి గుహలోనే తెలిసిపోయింది. పురందరరావు నోటినిండా గుట్కాతో లోపలికి వచ్చాడు. గోడ మీదున్న దేవతల వైపు కన్నెత్తయినా చూడలేదు. చుట్టూ చూసి, ద్వారపాలకుడి పాదం మీద ఉమ్మాడు. ఎర్రటి చొంగ రాతి వేళ్ళ మధ్యనుంచి కారింది.

"సార్, అది దేవుని కాలు" అంది నాంచారి.

"రాయే గదమ్మా. వాన పడితే పోతది" అన్నాడాయన.

ఆయన వెంట వచ్చిన మాస్టారి పేరు శంభుప్రసాదు. నుదుట అరచేయంత కుంకుమ, మెడలో రుద్రాక్షలు, భుజాన బరువైన గోనెసంచి. అడుగు వేస్తే ఆ సంచిలో ఇనుము మోగుతోంది. ఆడే శివుడి గుహలో సరిగ్గా అనుకున్న వేళకే వెలుతురు పడింది. రాతి పాదాలు కదిలినట్టే ఉన్నాయి. ఆ ఇద్దరూ దానికి వీపు తిప్పి ఓబులేసుతో గుసగుసలాడుతున్నారు.

"పై గుహ ఏడుంది? గబ్బిలాలది?" అని పురందరరావు అడిగాడు.

ఆ గుహ సంగతి నాంచారి ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పదు. ఆమె తమ్ముడి వైపు చూసింది. వాడు నేల చూపులు చూస్తున్నాడు. పోయిన ఎండాకాలం వాడు తేనె కోసం పైకెక్కినప్పుడు ఆ గుహలో నేల మీద అక్షరాలు చెక్కిన బండ కనబడింది. ఫొటో తీసి తెలిసినవాళ్ళకు పంపాడు. అది చేతులు మారి మారి ఈ కాంట్రాక్టరు దగ్గరికి చేరింది. ఇదంతా దారిలో, నసుగుతూ, ఓబులేసే చెప్పాడు.

"వాళ్ళకు దొరికిన దాంట్లో మనకూ ఇస్తామన్నారక్కా. కొత్త బండి వస్తాది."

"నాకు అసయ్యంగా ఉండాది ఓబులేసూ. వాళ్ళని చూస్తే కాదు, నిన్ను చూస్తే" అంది నాంచారి.

ఫోనుకు సిగ్నల్ లేదు, చెక్‌పోస్టు దూరం, జీపు తాళాలు వాడి జేబులో ఉన్నాయి. అయినా ఆమె నడిచి వెనక్కి పోవచ్చు. కాని వాళ్ళ చేతికి ఆ గుహనూ, తమ్ముడినీ వదిలి పోవడానికి ఆమెకు మనసొప్పలేదు. పళ్ళు బిగించి పైకెక్కింది.

పై గుహలోకి పాకుతూ పోవాలి. లోపల గబ్బిలాల పెంట మోచేతుల దాకా దిగబడుతుంది. పైన పొర పొడిపొడిగా ఉంటుంది, కింద జిగట. టార్చి వేస్తే నేలంతా కదులుతున్నట్టు కనబడింది. అవి బొద్దింకలు. కళ్ళు మండే ఘాటు ముక్కుల్లోకి ఎక్కింది. తలల మీదుగా వేలాది రెక్కలు ఒక్కసారిగా లేచాయి, వెచ్చటి చినుకులు మెడల మీద పడ్డాయి. పురందరరావు ఓకరించాడు. అయినా ఆగలేదు. బంగారం అనుకుంటే మనిషి ఎందులోనైనా పాకుతాడు కాబోలు.

లోపల నిలబడేంత చోటు వచ్చింది. ఒక పక్క గోడకు చిన్న నంది, మధ్యలో ఆ బండ. బండ మీద వంకర టింకర అక్షరాలు: 'లచ్చిమి అడుగున ఉండాది'.

"విన్నారా. సాక్షాత్తు లక్ష్మి! రాజుల నాటి శాసనం ఇది" అన్నాడు శంభుప్రసాదు.

రాజుల శాసనం 'ఉండాది' అనే భాషలో ఉంటుందా అని నాంచారికి అనిపించింది. పొలం గట్టు రాళ్ళ మీద రైతులు ఉలితో చెక్కుకునే అక్షరాల్లా ఉన్నాయవి. ఆ మాట అడిగేలోపే శంభుప్రసాదు గోనెసంచి విప్పాడు. గడ్డపారలు, సమ్మెట, నిమ్మకాయలు, ఇత్తడి దీపం, తాడు బయటపడ్డాయి. అతడు సమ్మెట తీసుకుని నేరుగా నంది దగ్గరికి నడిచాడు.

"ముందు దీని పొట్ట పగలగొట్టాలి. తాళంచెవి నంది కడుపులో ఉంటుంది."

నాంచారి ఒక్క ఉదుటున పోయి నంది మీద పడింది. రెండు చేతులా దాని మెడ కావలించుకుంది.

"కొట్టు. నా ఈపు మీద కొట్టు" అంది.

"అక్కా, లెయ్యి" అని ఓబులేసు ముందుకొచ్చి, సమ్మెటకు అడ్డంగా నిలబడ్డాడు. "మాస్టారూ, అడుగున అని రాసుండాది గదా. నందిలో ఉండాదని రాయలా. బండ లేపుదాం."

పురందరరావు ఆ మాటకు సరేనని తలూపాడు. ముగ్గురూ గడ్డపారలు గుచ్చి, రొప్పుతూ, బూతులు తిట్టుకుంటూ బండను పక్కకు నెట్టారు. కింద గుండ్రటి గొయ్యి. మెడ ఇరుకు, లోపల కడవ పొట్టలా వెడల్పు. దిగడానికి గోడలో కాలివేలు పట్టేంత గుంటలు ఉన్నాయి. శంభుప్రసాదు దీపం వెలిగించి తాడుకు కట్టి కిందికి వదిలాడు. అది సగం దూరమైనా పోకుండా గుప్పున ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి వదిలాడు. మళ్ళీ ఆరింది.

"భూతం కాపలా ఉంది. నిమ్మకాయ కోస్తాను. గుండె ధైర్యం ఉన్నవాడు దిగాలి" అన్నాడు, తాను రెండడుగులు వెనక్కి వేస్తూ.

ఓబులేసు చొక్కా విప్పాడు. పురందరరావు వాడి చంకల కింద తాడు కట్టాడు. వాడు పడిపోతాడనే భయంతో కాదు, సరుకు దొరికితే సంచీ పైకి గుంజడానికి.

నంది దగ్గర కూర్చున్న నాంచారికి అప్పుడు తెలిసింది వాసన. గబ్బిలాల ఘాటు కాదది. బియ్యం కడిగిన కలినీళ్ళు పులిసి పులిసి చచ్చిన వాసన. ఆ వాసన ఆమెకు తెలుసు. చిన్నప్పుడు వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, దొడ్లో కొర్రల పాతర తీసేది. గింజలు దాచిన ఆ గోతి మూత తీసిన రోజు ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. 'లచ్చిమి ఊపిరి తీసుకోనీండి. ఇన్నాళ్ళూ ముక్కు మూసుకోనుండాది' అనేది. దీపం దించి చూసేది. ఆరిపోతే, 'ఇంకా కోపంగుండాది, రేపు రాండి' అనేది. జేజి నోట లచ్చిమి అంటే డబ్బు కాదు. గింజలు. వాళ్ళ ఇంట్లో, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ గింజలను ఇంకో పేరుతో పిలిచేవాళ్ళు కాదు. ఓబులేసు పుట్టేనాటికి ఆ పాతర పూడ్చేశారు. వాడికి తెలియదు.

"రేయ్, దిగొద్దు. అది పాతర. ఊపిరాడదు, చస్తావు" అని అరిచింది.

అప్పటికే వాడు నడుము దాకా లోపల ఉన్నాడు. "నీకెప్పుడూ భయమే అక్కా" అన్నాడు. తల కూడా లోపలికి పోయింది. రెండు గుంటలు దిగిన చప్పుడు వినిపించింది. తర్వాత మెత్తగా ఏదో పడిన చప్పుడు. అంతే.

"భూతం పట్టింది" అన్నాడు శంభుప్రసాదు. నిమ్మకాయలూ సమ్మెటా అక్కడే పారేసి, పెంటలో పడుతూ లేస్తూ బయటికి పాకిపోయాడు. పురందరరావు తాడు వదిలేసి గొయ్యి అంచున వంగి ఫోను లైటు వేశాడు.

"ఏమన్న కనిపిస్తుందా? ఓ తమ్మీ, ఏముంది?" అని లోపలికి అడుగుతున్నాడు.

నాంచారి గొయ్యిలోకి జారిపోతున్న తాడు కొసను అందుకుంది. గుంజింది. వాడి బరువు కాస్త లేచి మళ్ళీ కిందికి పోయింది. అరచేతుల తోలు ఊడింది.

"సార్, పట్టండి. ఇద్దరం గుంజితే వస్తాడు."

పురందరరావు లేచి నిలబడి ప్యాంటుకు అంటిన పెంట దులుపుకున్నాడు. "వాడు పోయిండమ్మా. ఇగ పోలీసు కేసయితది. నేనసలు ఇక్కడికి రాలే, యాదుంచుకో" అన్నాడు. వాకిలి వైపు తిరిగాడు.

అప్పుడు నాంచారికి కలిగిన రోత ఇంతా అంతా కాదు. గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. ఉమ్మడానికి అది సమయం కాదు.

"వాని చేతిలో ఏందో మెరుస్తాండాది సార్" అంది.

ఆయన ఆగాడు.

"పచ్చగా ఉండాది. గుప్పిట నిండా పట్టుకోనుండాడు."

పురందరరావు పరుగున వచ్చి తాడు పట్టాడు. ఆ మనిషి ఒంట్లో అంత బలం ఉందని అప్పటిదాకా తెలియదు. కాళ్ళు బండకు తన్నిపెట్టి, మెడనరాలు ఉబ్బగా, "గుంజు, గుంజు" అని తనకు తానే అరుచుకుంటూ లాగాడు. ఓబులేసు తల గొయ్యి అంచు పైకి వచ్చింది. ముఖం నీలంగా ఉంది. నాంచారి వాడి చంకల్లో చేతులు వేసి, పెంటలో ఈడ్చుకుంటూ గాలి తగిలే చోటికి తెచ్చింది.

వాడి నోటినిండా నల్లటి దుమ్ము, ముక్కుకు గబ్బిలాల పెంట. ఆమె వేలితో నోరు తుడిచి, తన నోరు ఆనించి ఊదింది. మళ్ళీ ఊదింది. ఆ రోజంతటిలో ఆమెకు రోత పుట్టించనిది అదొక్కటే.

పక్కన పురందరరావు వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. మనిషి బతికాడా చచ్చాడా అని చూడలేదు. గుప్పిట తెరుచుకుంది. నిజంగానే అందులో ఏదో ఉంది, పడేటప్పుడు దొరకబుచ్చుకున్నది. బొగ్గుముక్కల్లా నల్లబడిన చిన్న చిన్న గింజలు. నలిపితే పొడి అయ్యాయి.

"ఏందిది?" అన్నాడాయన.

ఓబులేసు దగ్గాడు. బలంగా ఊపిరి పీల్చి, కడుపులో ఉన్నదంతా కాంట్రాక్టరు చేతుల మీద కక్కాడు.

"లచ్చిమి" అంది నాంచారి.

ఏ కరువులోనో, ఏ దండు వస్తుందని భయపడో, ఊరివాళ్ళు ఆ గింజలు అక్కడ దాచి ఉంటారు. తిరిగొచ్చినవాడు చదువుకోవడానికి ఆ అక్షరాలు చెక్కి ఉంటారు. ఎవరూ తిరిగి రాలేదు. ఆ మాట తట్టినప్పుడు నాంచారికి ఏడుపొచ్చింది. పురందరరావు మాత్రం చేతులు నంది వీపుకు తుడుచుకుని, "గింజల కింద ఇంకేమన్న ఉండొచ్చు గద" అన్నాడు.

ఆమె ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు. తమ్ముడిని భుజాన ఆనించుకుని కొండ దిగింది. వాగులో వాడికి స్నానం చేయించింది. ఆ దుప్పటి పరచలేదు, ఆ రొట్టెలు ఎవరూ తినలేదు. చెక్‌పోస్టు దగ్గర కాశింవలీకి జరిగిందంతా చెప్పింది, తమ్ముడు చేసింది కూడా దాచకుండా. శంభుప్రసాదు అప్పటికే అక్కడ బెంచీ మీద కూర్చుని భూతం కథ చెబుతున్నాడు. పురందరరావు మీద కేసు పడింది, బెయిలూ వచ్చింది. గొయ్యి పూడ్చి బండను మళ్ళీ కప్పించారు. వానలు వెళ్ళేదాకా కొండకు దారి మూశారు. తెరిచాక ద్వారపాలకుడి పాదం మీద గుట్కా మరకను ఓబులేసే బ్రష్షుతో రుద్దాడు. ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు.

ఒకరోజు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వినగానే నాంచారికి గుట్కా వాసన వచ్చినట్టయింది.

"పాత సంగతులు మర్చిపోదాం చెల్లే. ఈసారి గాలి మిషను తెస్తున్న. ఇంకో చిన్న ట్రిప్పు ప్లాన్ చెయ్యి. జనం ఉండొద్దు."

"చేస్తా సార్. జనం ఉండరు. దిగేది మీరు, తాడు పట్టేది నేను. మనిద్దరమే" అంది నాంచారి.

అవతల ఫోన్ కట్టయింది. ఆమె ఫోను కొంగుతో తుడిచి, గుహల్లో చెత్త ఏరడానికి గోనె పట్టుకుని జీపెక్కింది.