వైపరు కింద మూడు చీటీలు

మొక్కలావిడ కుర్చీలో కూర్చోకముందే మూడు చీటీలు బల్ల మీద పెట్టింది. ఆమె గోళ్ళలో ఇంకా మట్టి ఉంది.

"ఆదివారం మా తమ్ముడొచ్చి నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళిపోతాడండీ. ఇల్లు ఖాళీ, నర్సరీ మూత. ఆలోగా ఇవి ఎవరు రాశారో తెలిస్తే నేను కదలక్కర్లేదు."

వీధిలో అందరూ బల్ల వెనక కూర్చున్న ఈ డిటెక్టివ్‌ని ప్రూఫు మేడమ్ అంటారు. ఇరవై రెండేళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్ది, ప్రెస్సు మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చింది. చేతిలో ఎర్ర పెన్సిలు లేకపోతే ఇప్పటికీ ఆమెకు ఆలోచన సాగదు. పక్క బల్ల దగ్గర సహాయకుడు టైపు మిషనులో కాగితం ఎక్కించాడు. మేడమ్ పెన్సిలు తీసిందంటే ఏదో తేలబోతోందని అతని నమ్మకం.

ఆమె చీటీలు పైకి చదివింది.

"అయ్యా, పగలంతా ఎండలో ఒంటరిగా నిలబడి ఉంటోంది. చూడలేకపోతున్నాను. దయచేసి కాస్త నీడ చూపించగలరు."

"అయ్యా, రాత్రుళ్ళు ఒంటి మీద దుప్పటి కూడా లేకుండా ఉంటోంది. రోజూ చూస్తూనే ఉన్నాను. పొద్దున్నే దగ్గుతోంది. శ్రద్ధ తీసుకోగలరు."

"అయ్యా, గురువారం వానలో కూడా ఒంటరిగానే ఉంది. మీకు బరువనిపిస్తే చెప్పండి. నేనొచ్చి తీసుకెళ్ళిపోతాను. ఇంకెవరికీ ఇవ్వకండి."

సహాయకుడి చేతులు మిషను మీద ఆగిపోయాయి.

"ఈ అయ్య ఎవరు?" అంది మేడమ్.

"మా తమ్ముడే అయ్యుంటాడు. మా ఇంటికొచ్చే మగమనిషి వాడొక్కడే. మా ఆయన పోయి మూడేళ్ళయింది. ఎవడో నా గురించి వాడికి చెబుతున్నాడండీ. నాకు దుప్పటి కప్పుకునే అలవాటు లేదు. ఆ సంగతి బయటివాడికి ఎలా తెలుస్తుంది?"

"దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

"దగ్గెక్కడిది? జలుబు చేసే రెండేళ్ళయింది."

"ఇవి ఎక్కడ దొరికాయి?"

"బండి వైపరు కింద. పికప్పండి."

ఆ మాటతో ఆమె ముఖంలో భయం కాస్త పక్కకి తప్పుకుంది. ఐదు వారాల క్రితం కొన్నదట. ఇరవయ్యారేళ్ళ నీలం పికప్పు. ఎక్కడా తుప్పు లేదు, రంగు మొదటిదే, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి.

"కుండీలు మొయ్యడానికా?"

"కుండీలకీ, కూరగాయలకీ, పంటి డాక్టరు దగ్గరికీ. రోజూ దాంట్లోనే. మా తమ్ముడు మ్యూజియం నుంచి ఎత్తుకొచ్చావా అక్కా అంటాడు. అననివ్వండి. దాంట్లో కూర్చుంటే నాకు ఎక్కడికో వెళ్ళాల్సిన పని ఉన్నట్టుంటుంది."

"గురువారం వాన పడినప్పుడు ఇంట్లో ఉన్నారా?"

"లేనండీ. తమ్ముడు స్కూటరు మీద వచ్చి తీసుకెళ్ళాడు. బుధ, గురువారాలు వాళ్ళింట్లోనే. నలుగురి మధ్య ఉన్నాను."

మేడమ్ మూడు చీటీల్లోనూ కొన్ని మాటల చివర ఎర్రగీతలు గీసింది. "రేపు వస్తాం" అంది.

మర్నాడు పొద్దున ముందుగా చూసింది ఇంటిని కాదు, గేటుని. బండి ముక్కు గేటుకి జానెడు దూరంలో ఉంది. మేడమ్ కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి చూసింది. వైపరు అందింది. తర్వాత పడకగదికి వెళ్ళి కిటికీ తెరిచింది. బయట వెడల్పాటి మందారాల వరస. ఆకులు దట్టంగా అల్లుకుని ఉన్నాయి, లోపలికి చూపు దూరే సందే లేదు.

మొక్కలావిడ మార్కెట్టుకి బయల్దేరుతూ తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు ఖళ్ళు ఖళ్ళుమని ఆగింది. మూడోసారికి అందుకుంది.

తమ్ముడు అట్టపెట్టెలు తెచ్చి వరండాలో పేరుస్తున్నాడు.

"ఇవి మీరు రాశారా?" మేడమ్ సూటిగా అడిగింది.

"నేనా? అక్కని రమ్మనాలంటే నాకు నోరు లేదా అండీ? మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను."

"ఎప్పుడు ఒప్పుకున్నారు?"

అతను పెట్టె కింద పెట్టాడు. "ఈ చీటీలు వచ్చాక."

"బండి కొన్నరోజు బేరం ఎవరు మాట్లాడారు?"

"నేనే. అక్క వెనకాల నిలబడింది. ఓ పెద్దాయన, వడ్రంగి. తాళాలు నా చేతిలోనే పెట్టాడు."

ఎదురింటి మేడ మీద వాచీలు బాగుచేసే ఆయన కంటికి భూతద్దం తగిలించుకునే మాట్లాడాడు. "చిన్నముల్లు మీంచి కళ్ళు తీస్తే నాకు పూట గడవదమ్మా. ఎదురింటి ఆడవాళ్ళని చూసే తీరికేదీ?"

"గేటు దగ్గరికి ఎవరైనా వస్తారా?"

"పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళు ఆ బండి దగ్గర ఆగుతారు. ముచ్చటైన బండి కదా. ఓ ముసలాయనైతే కమ్మీలు పట్టుకుని మరీ చూస్తాడు. చూపు ఆనదనుకుంటా."

దారిలో సహాయకుడు ఉండబట్టలేక అడిగాడు. "తమ్ముడే కదా మేడమ్? లాభం అతనికే."

"అయ్యా అంటూ తనకి తనే రాసుకున్నాడా? చీటీలు మళ్ళీ టైపు చెయ్యి. చివరి అక్షరాలు చూసుకుంటూ కొట్టు."

శనివారం మధ్యాహ్నం అందరూ నర్సరీ వాకిట్లో చేరారు. తమ్ముడు, వాచీలాయన, మేడమ్ కబురుపెట్టి పిలిపించిన వడ్రంగి పెద్దాయన. మొక్కలావిడ నిలబడే ఉంది.

"ఇవి రాసినాయన మర్యాద తెలిసిన మనిషి," అని మొదలుపెట్టింది మేడమ్. "అయ్యా అంటాడు, దయచేసి అంటాడు. అలాంటివాడు ఒక పెద్దమనిషికి వాళ్ళ అక్కగారి గురించి రాస్తే ఏమని రాస్తాడు? ఉంటున్నారు, దగ్గుతున్నారు అని. ఇక్కడ మూడు చీటీల్లోనూ ఉంటోంది, దగ్గుతోంది, ఉంది. మన భాషలో ఆడమనిషికీ, ఆవుకీ, అలమరాకీ అదే ముగింపు. అక్కడ నాకు అనుమానమొచ్చింది."

ఆమె ఎర్రగీతలున్న చీటీలు తమ్ముడి చేతికిచ్చింది.

"ఈవిడకి దగ్గు లేదు. గురువారం వానలో ఈవిడ ఒంటరిగా లేరు, ఇక్కడ లేనేలేరు. ఆ రోజు ఈ వాకిట్లో తడిసింది ఒక్కటే. రోజంతా ఎండలో నిలబడేదీ, పొద్దున్నే దగ్గేదీ, దుప్పటి లేకుండా ఉండేదీ అదే. చీటీలు తలుపు కింద కాకుండా వైపరు కింద దొరికింది కూడా అందుకే."

అందరూ నీలం పికప్పు వైపు తిరిగారు.

"మరి అయ్యా అని ఎందుకు?" అన్నాడు తమ్ముడు.

"బేరం మాట్లాడిన మగమనిషి మీరు. తాళాలు మీ చేతికి ఇచ్చారు. బండి మీదే అనుకున్నారు. వెనక నిలబడ్డ మనిషి కొనుక్కుందని ఆయనకి తట్టలేదు. అంతేనా పెద్దాయనా?"

వడ్రంగి పెద్దాయన చేతుల్లోని టోపీని మడత పెట్టాడు, విప్పాడు.

"తప్పయిపోయిందమ్మా. ఈ ఇంట్లో ఆడమనిషి ఒక్కరే ఉంటారని నాకు నిజంగా తెలీదు. కళ్ళకి మసకొచ్చి అమ్ముకున్నాను. అమ్మేసినవాడు వెనకాలే వచ్చి ఇలా చూసుకో, అలా చూసుకో అంటే బాగుంటుందా? అందుకే చీటీల్లో నా పేరు రాయలేదు."

"దుప్పటేంటి తాతా?" అన్నాడు వాచీలాయన.

"బండికి కప్పే టార్పాలిన్. మా ఆవిడ పెట్టిన పేరు. రోజూ పడుకునే ముందు, నీలందానికి దుప్పటి కప్పావా అని అడిగేది. తను పోయాక ఆ ఇంట్లో నేను వేరే మాటలు మాట్లాడింది తక్కువ. ఆ మాటలే చేతికి వచ్చేశాయి."

మొక్కలావిడ అప్పుడు కూర్చుంది.

తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. అయితే అక్కా, రేపు సామాను... అంటే, నీకు ఇక్కడే ఉండాలనుంటే నేనేం బలవంతపెట్టను. పిల్ల చదువుకునే గది ఖాళీ చేయించాం, సర్దుకుంటాం అనుకో."

ఆ గొంతులోని తేలిక అందరికీ వినిపించింది. అతనికి తప్ప.

"ఇక్కడే ఉంటాలేరా," అంది అక్క. "పిల్లని గదిలోకి పొమ్మను. ఆ పెట్టెలు మాత్రం వదిలెళ్ళు, కుండీలకి పనికొస్తాయి."

అతను వెళ్ళాక, వాచీలాయన కూడా మేడెక్కాక, ఆమె మేడమ్‌ని గేటు దాకా సాగనంపింది.

"ఒక మాట చెబితే నవ్వకూడదు. చచ్చేంత భయపడ్డాను, నిజమే. కానీ రెండో చీటీ వచ్చాక రోజూ దుప్పటి కప్పుకునే పడుకున్నానండీ. అడిగేవాళ్ళు ఒకరున్నారు కదా అని."

మేడమ్ నవ్వలేదు. పెన్సిలు సంచిలో వేసుకుంది.

వెనక పెద్దాయన వెళ్ళడానికి లేచాడు. "దింపుతాను, రండి" అంది మొక్కలావిడ. ఆయన అలవాటుగా స్టీరింగు వైపు తలుపు మీద చెయ్యి వేశాడు. గుర్తొచ్చి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి రెండో వైపు ఎక్కాడు.

మేడమ్, సహాయకుడు బస్‌స్టాపులో నిలబడ్డారు. సహాయకుడు ఇంకా చివరి అక్షరాల సంగతే మాట్లాడుతున్నాడు. కాసేపటికి నీలం పికప్పు వాళ్ళ ముందు నుంచి నెమ్మదిగా వెళ్ళింది. లోపల ఇద్దరూ ముందుకే చూస్తున్నారు. మాట్లాడుకుంటున్నట్టు లేదు.

"మేడమ్, నేనే కదా కబురు చెప్పడానికి వెళ్ళింది. పెద్దాయన ఇల్లు ఈ స్టాపు వెనక సందులోనే, నాలుగో గుమ్మం."

"అవును."

"మరి అటు పెద్దరోడ్డెక్కుతున్నారేంటి?"

"బస్సొచ్చింది," అంది మేడమ్. "ఎక్కు."