దగ్గు వినపడని ఇల్లు

పొయ్యి మీద టీ నీళ్లు పెట్టిందో లేదో, వెనక గదిలో అత్తగారి దగ్గు మొదలైంది. కోడలు పరుగున వచ్చి కుట్టు మిషను ముందు కూర్చుని, గుడ్డ కూడా పెట్టకుండా గడగడా తొక్కేసింది. గుమ్మంలో మందుల షాపాయన నిలబడి ఉన్నాడు మరి. మాస్కుల కట్ట కోసం వచ్చాడు. వైరస్ భయంతో మనిషికి మనిషి ఆమడ దూరం జరుగుతున్న రోజులు. ఈ ఇంట్లో దగ్గే మనిషి ఉందని తెలిస్తే ఆ కట్ట ముట్టుకుంటాడా? అందుకే ఆమె మొగుడు, టైలరు, ఈ ఉపాయం కనిపెట్టాడు. అమ్మ దగ్గితే మిషను తొక్కాలి, కిటికీలు మూసే ఉంచాలి. అబ్బో, ఏం తెలివి!

నిజానికి ఆవిడ టీబీకి మందులు వాడుతున్న మనిషి. ఆరోగ్య కేంద్రం నుంచి ఒకమ్మాయి రోజూ వచ్చి, ఎదురుగా నిలబడి మాత్రలు మింగించేది. వైరస్ వచ్చాక ఆ అమ్మాయిని వేరే డ్యూటీకి పంపేశారు. కేంద్రాన్ని జ్వరాల వార్డుగా మార్చేశారు. మాత్రలు అయిపోతే ఎక్కడికెళ్లాలో ఎవరూ చెప్పలేదు. టైలరూ అడగలేదు.

"అక్కడికెళ్తే లేని రోగం అంటించుకొస్తాం. ఒళ్లు కాస్త తేరుకుందిగా, చాల్లే" అన్నాడు. నెల తిరక్కుండానే దగ్గు తిరగబెట్టింది.

వీధిలోకి టెస్టుల వ్యాను వచ్చిన రోజు ఆవిడకీ చేశారు. వైరస్ లేదని తేలింది. టైలరు ఆ కబురు వీధి చివరిదాకా చాటి వచ్చాడు.

"ఏమీ లేదటమ్మా! ఇంక బెంగ లేదు."

"మరి ఈ దగ్గేంటి నాయనా? నా మందులు..."

"ఏమీ లేదన్నాక ఇంకేం మందులే తల్లీ! దగ్గి దగ్గి నీకు అలవాటైపోయింది. కాస్త ఆపుకో."

ఆపుకుంది పిచ్చితల్లి. తువ్వాలు నోట్లో కుక్కుకుని, కళ్లు ఎర్రబడేదాకా ఆపుకుంది. పక్కలో పడుకునే మనవరాలు బుజ్జి ఆవిడ వీపు రాసేది. "నానమ్మా, నాన్న వస్తున్నాడు, దగ్గకు" అని హెచ్చరించేది కూడా ఆ పసిదే.

ఒక మధ్యాహ్నం ఆవిడ మాస్కులకు తాళ్లు కుడుతోంది. దగ్గు తన్నుకొచ్చింది, ఈసారి ఆగలేదు. కోడలు మిషను దాకా వచ్చేలోపే టైలరు వచ్చి చూశాడు. తెల్లగుడ్డ మీద నెత్తురు.

"సరుకంతా పాడుచేశావు కదమ్మా! ఆపుకోమని చెప్పి చచ్చానా లేదా?"

"ఉతికేస్తా నాయనా, మరక పోతుంది" అంటూ ఆవిడ ఆ గుడ్డనే తుడుస్తోంది.

కోడలికి ఒళ్లు మండిపోయింది. "మీ అమ్మ నెత్తురు కక్కుతుంటే గుడ్డ కోసం ఏడుస్తున్నారా? మనిషేనా మీరు?"

"నువ్వు తొక్కలేదా మిషను? ఇప్పుడు నాకు నీతులు చెప్తున్నావా?"

"తొక్కాను! నా కాళ్లు పడిపోను, తొక్కాను! ఆ మూసిన గదిలోనే నా బిడ్డనీ పడుకోబెట్టాను. రోజూ సాయంత్రం దానికి జ్వరం వస్తోంది, తెలుసా మీకు? ఎత్తుకుంటే ఎముకలు చేతికి తగులుతున్నాయి. చెబితే మీరు అరుస్తారని నోరు మూసుకున్నాను. ఇంక మూసుకోను."

టైలరు గబగబా వెనక గదిలోకి వెళ్లాడు. బుజ్జిని ఎత్తుకుని చూశాడు. నిజమే, బరువే లేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అంతా విని, "మందులు మధ్యలో ఎందుకు మానేశారు?" అంది.

"టెస్టులో ఏమీ లేదన్నారండీ..."

"అది వైరస్ ఉందో లేదో చెప్పే టెస్టయ్యా! టీబీ సంగతి దానికేం తెలుసు? మధ్యలో మానేశారు కాబట్టి పాత మందులు ఇంక పనిచేస్తాయో లేదో చూడాలి. పాపకీ సోకిందనే నా అనుమానం. ముందు పెద్దావిడ కళ్లె పరీక్షకివ్వండి."

టైలరు పెళ్లాం వంక చూశాడు. కోడలు అతని వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

బయట చెట్ల కింద నర్సు అత్తగారి చేతికి చిన్న డబ్బా ఇచ్చింది. "గట్టిగా దగ్గి, లోపలి కళ్లె ఇందులో ఉమ్మండి పెద్దమ్మా."

ఆవిడ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొహం కందిపోతోంది, మెడనరాలు ఉబ్బుతున్నాయి, పెదాలు మాత్రం విప్పదు. నర్సు మళ్లీ చెప్పింది. ఆవిడ చుట్టూ ఉన్న జనాన్ని చూసింది, తర్వాత కొడుకు వంక భయంభయంగా చూసింది.

"దగ్గనా నాయనా?" అంది.

టైలరు అంతమందిలో తల్లి కాళ్ల దగ్గర కూలబడిపోయాడు. "దగ్గమ్మా... నీకు దణ్ణం పెడతాను, గట్టిగా దగ్గమ్మా" అని భోరుమన్నాడు.

ఆవిడ ఒక చేత్తో బుజ్జిని దూరంగా జరిపి, అప్పుడు దగ్గింది.