పన్నెండు గంటల బకెట్

“టార్గెట్ సీతారామ్. పావగడ సోలార్ పార్క్ చీఫ్ ఇంజనీర్. విదేశీ ముఠా మనిషి ఒకడు లోపలే ఉన్నాడు. ముఠాలోంచి మన ఆశా పంపిన మెసేజ్ విను: రేపు ఎట్ ట్వెల్వ్, ది ఇంజనీర్ విల్ కిక్ ద బకెట్. అర్థమైందిగా?” బెంగళూరు నుంచి చీఫ్ అడిగాడు.

“యెస్ సర్,” అన్నాడు ఏజెంట్ వీరేశ్.

ఏమీ అర్థం కాలేదు. అరసికెరెలో కన్నడ మీడియం వెలగబెట్టి, ఉద్యోగం ఫారంలో ‘ఇంగ్లిష్: ఫ్లూయెంట్’ అని రాసుకున్నవాడు ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? మాటలు విడదీసి చూసుకున్నాడు. కిక్ అంటే తన్నడం. బకెట్ అంటే బకెట్టే. ఇంజనీరు రోజూ ప్యానెళ్ల మధ్య రౌండ్స్ కొడతాడు. అంటే బకెట్లో బాంబు పెడతారు, ఆయన కాలు తగలగానే పేలుతుంది! తన తెలివికి తనే మురిసిపోయాడు.

మర్నాడు వల్లూరు బ్లాకులో ప్యానెళ్లు కడిగే కూలీ వేషం వేశాడు. తలకు తువ్వాలు, చేతిలో బ్రష్షు, బ్రష్షు కర్రలో ట్రాన్స్‌మిటర్. పదకొండుకల్లా అరవై రెండు బకెట్లను పసిబిడ్డల్లా మోసుకెళ్లి షెడ్డులో పెట్టి, తాళం వేసి, గుమ్మంలో కూర్చున్నాడు.

“మా బకెట్లు యాడ పెట్టినావప్పా? నీళ్లు దోసిట్లో మొయ్యాల్నా?” అంటూ పని ఆగిపోయిన నరసక్క మీదికొచ్చింది.

“చెకింగ్ ఉండాదక్కా. పన్నెండు దాకా ఓపిక పట్టు.”

పదకొండూ యాభై రెండుకు ఆశా వచ్చింది. నల్ల కళ్లద్దాలు, సిల్కు స్కార్ఫు. ముఠాకు దుబాసీ, లోపల్లోపల మన మనిషి.

“శెనక్కాయ పైరు ఎట్లుండాది?”

“ఊడలు దిగినాయి మేడమ్.” కోడ్ కలిసింది.

“ఈడ కూర్చున్నావేంది? ఇంజనీర్ పక్కన ఎవరుండారు?”

“బకెట్లన్నీ లాక్ చేసినా మేడమ్. ఒక్కటి కూడా తన్నలేడు.”

ఆశా కళ్లద్దాలు తీసింది. “కిక్ ద బకెట్ అంటే చచ్చిపోవడమప్పా! ఆయన పన్నెండుకు తాగే మజ్జిగలో విషం కలుపుతున్నారని ఇప్పుడే తెలిసింది. నేను ఆడికి పోతే నా గుట్టు బయటపడుతుంది. నువ్వు ఆయన పక్కనే ఉంటావని నమ్మినా.”

వీరేశ్ పరుగెత్తాడు. ఎండ కన్నా ఆ మాటే ఎక్కువ మండించింది. ఒక్క ముక్క అడిగి ఉంటే! తన సిగ్గు కోసం ఒక నిండు ప్రాణం పోతోంది.

కంట్రోల్ రూమ్‌లో సీతారామ్ గ్లాసు పెదవుల దాకా తెచ్చుకున్నాడు. వీరేశ్ తలుపు తోసుకొచ్చి గ్లాసును ఒక్క దెబ్బ కొట్టాడు. మజ్జిగంతా కీబోర్డు మీద పడింది. మజ్జిగ తెచ్చిన క్యాంటీన్ ప్రమోద్ పారిపోబోయి సెక్యూరిటీ వాళ్లకు చిక్కాడు.

“ఎట్లా కనిపెట్టినావయ్యా? భలే బుర్ర!” అన్నాడు సీతారామ్. అందరూ చప్పట్లు కొట్టారు.

వీరేశ్ తల ఎత్తలేకపోయాడు. “నేను కనిపెట్టలేదు సార్. పొద్దున్నుంచీ బకెట్లకు కావలి కాసినా. అర్థం అడిగేకి సిగ్గుపడినా.”

చప్పట్లు ఆగిపోయాయి. చీఫ్‌కు ఫోన్ చేసి అదే మళ్లీ చెప్పాడు, ఫారంలో రాసిన అబద్ధంతో సహా.

“ఆయన బతికాడు కాబట్టి ఈసారికి యు ఆర్ ఆఫ్ ద హుక్,” అన్నాడు చీఫ్.

థాంక్యూ అనబోయి వీరేశ్ ఆగాడు. గదిలో అందరూ వింటున్నారు. చెవులు వేడెక్కాయి. “సార్... అంటే ఏంది సార్?”

“వదిలేశానని. అందులోకి కొక్కెం ఎందుకొచ్చిందో మాత్రం నన్ను అడక్కు, నాకూ తెలీదు.”