భయం వాసన పట్టే వ్యాను

కొత్తరేవు పట్నంలో ఆ ఏడు వీధి దీపాలకు ముక్కులు మొలిచాయి. మనిషికి భయమేసినా, కోపంతో ఒళ్లు మండినా చెమట వాసన మారుతుంది. మన ముక్కుకి అందని ఆ తేడాని దీపానికి తగిలించిన సెన్సర్ పసిగడుతుంది. వెంటనే స్క్రీన్ మీద ఆ ఇంటి దగ్గర చుక్క వెలుగుతుంది. పసుపైతే చిరాకు, ఎరుపైతే నెత్తురు. కత్తి లేచేలోపు పోలీసులు చేరాలని డాక్టర్ ఫిరోజా దాన్ని కనిపెట్టింది. నడపడం చేతగాని మునిసిపాలిటీ ఓ న్యూస్ చానెల్‌కి అప్పజెప్పింది, పాలకుండకి పిల్లిని కాపలా పెట్టినట్టు. చానెల్ పద్ధతి ఒకటే: ముందు విజువల్, తర్వాతే పోలీసులకి ఫోను.

ఆ మధ్యాహ్నం వలలపేటలో పసుపు చుక్క. రిపోర్టర్ నాగవేణి వ్యాను ఆ ఇంటి ముందు ఆగింది. మిషను పనితీరు చూడ్డానికి ఫిరోజా కూడా వచ్చింది. లోపల మొగుడూ పెళ్లాల గొంతులు.

"పులుసులో ఉప్పెక్కువైందని గోల. పోదాం పదమ్మా," అంది ఫిరోజా.

"గొడవ పండనివ్వండి మేడమ్," అంది నాగవేణి మైకు సర్దుకుంటూ.

ఈలోగా వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఆ వ్యాను ఆగిన ఇంట్లోంచి శవం లేవాల్సిందేనని ఊరందరికీ తెలుసు.

"ఎవరింట్లోనండీ?"

"ఇంకెవరు, కొత్తగా దిగిన టైలరు సింహాద్రి. ఆ చూపే చెప్పట్లేదేటండీ!"

చుక్క ఎర్రబడసాగింది. ఫిరోజా వ్యాన్లోని స్క్రీన్ మీదికి వంగి చూసింది. "నాగవేణీ, ఇది లోపలి వాసన కాదు. మన వ్యానుని చూసి వీధి భయపడుతోంది. ఏమీ లేదని మైకులో ఒక్క మాట చెప్పు. లేకపోతే అతన్ని చంపేస్తారు!"

నాగవేణికి అర్థమైంది. అర్థం కాలేదని తనకి తాను చెప్పుకోడానికి వీల్లేనంతగా అర్థమైంది. కానీ చెవిలో ఎడిటర్ అరుస్తున్నాడు: "ఎరుపొచ్చింది, కదలకు! లైవ్‌లో ఉన్నాం." ఆమె కదల్లేదు.

ఫిరోజా దిగి గొంతు చించుకుంది. మైకు లేని మాట ఎవరు వింటారు?

తలుపు విరిగింది. "ఆడకూతుర్ని చంపుతావురా?" అంటూ రోకళ్లతో, తెడ్లతో సింహాద్రి మీద పడ్డారు. "మా ఆయన్ని వదలండి బాబూ!" అని భార్య చెల్లమ్మ అడ్డం వస్తే, "పాపం, భయంతో అలా అంటోంది" అని జాలిగా పక్కకి లాగారు.

కాసేపటికి చుక్క ఆరిపోయింది. మిషను తప్పు చెప్పలేదు.

నాగవేణి అలవాటు కొద్దీ మైకు చాచింది. మొగుడి తల ఒళ్లో పెట్టుకున్న చెల్లమ్మ కళ్లెత్తింది.

"మీ మిషను అన్నీ ముందే చెప్పేస్తుందంటగా తల్లీ. మరి మా ఆయన్ని ఎవరు చంపుతారని చెప్పింది?"