కొడుకు నడుముకు అమ్మ అడుగులు

అతను బాల్కనీలో తడి దుప్పటి ఆరేస్తున్నాడు. ఒక కొస అమ్మ పట్టుకుంది, అదీ ఎడమచేత్తో. విరిగిన కుడి మణికట్టు అతుక్కుని చాలా రోజులైంది. అయినా ఆ చేతిని ఆమె ఇంకా చుట్టంలాగే చూసుకుంటోంది, ఏ పనీ చెప్పడం లేదు.

"బాగా దులుపరా. ముడతలు అలాగే ఉన్నాయి."

"ఇంకా దులిపితే కింది వాటా ఆవిడకి రెండోసారి స్నానమవుతుంది."

"అవనీ. మొన్న మన మీద పచ్చడి డబ్బా కడిగిన నీళ్ళు పోసింది."

"ఆవిడ కింద ఉంటే మన మీద ఎలా పోస్తుందమ్మా?"

"అదే నాకూ అర్థం కాలేదు," అంటూనే అమ్మ ఎడమచేయి అతని నడుము దగ్గరికి వచ్చింది. బట్టలకు క్లిప్పు పెట్టినంత సులువుగా, అగ్గిపెట్టెలో సగం ఉండే నల్ల బిళ్ళ ఒకటి అతని బెల్టుకు తగిలించింది.

"అమ్మా, ఇవాళ వద్దు."

"నిన్నా ఇదే అన్నావు."

ఆ బిళ్ళ నిజానికి అమ్మ నడుముకు ఉండాల్సింది. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళ ఎముకలు తొందరగా పలచబడతాయట. రోజూ చురుగ్గా నడిచి, మునివేళ్ళ మీద లేచి మడమలు నేలకు దింపే చిన్న కసరత్తు చేస్తే అది నెమ్మదిస్తుందా అని పెద్దాసుపత్రి వాళ్ళు పరిశోధన చేస్తున్నారు. చేయి విరిగినప్పుడు తీసిన స్కానులో అమ్మ ఎముకల సంగతి బయటపడింది. వాళ్ళడిగితే ఆమె సరేనంది. ఒక జత తెల్ల బూట్లు ఇచ్చారు, ఈ బిళ్ళ ఇచ్చారు. ఎన్ని అడుగులు వేసిందీ, ఎన్ని మెట్లు ఎక్కిందీ బిళ్ళే ఆసుపత్రికి చెప్పేస్తుంది.

కానీ అమ్మ గుమ్మం దాటడం లేదు. బిళ్ళ మాత్రం ఊరంతా తిరుగుతోంది. అతను లిఫ్టు మెకానిక్కు. ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా, అక్కడి మెట్లన్నీ ముందుగా ఎక్కాల్సింది అతనే.

కాలింగ్ బెల్ మోగింది.

"టేపమ్మాయి!" అమ్మ జుట్టు సర్దుకుంది. "ఇవాళ వచ్చే రోజు కాదే. చొక్కా కిందికి లాక్కో."

టేపమ్మాయి అంటే పరిశోధన తరఫున వారానికోసారి ఇంటికొచ్చే అమ్మాయి. వచ్చినప్పుడల్లా సంచిలోంచి టేపు తీసి అమ్మ ఎత్తు కొలుస్తుంది కాబట్టి ఆ ఇంట్లో ఆమెకు ఆ పేరు స్థిరపడింది. మొదటిరోజు ఆమె సంచి పట్టా లిఫ్టు తలుపులో ఇరుక్కుంది. టేపు జారి కింద పడి, చుట్టంతా విప్పుకుని వరండా చివరిదాకా దొర్లింది. "ఈ లిఫ్టుని చూసే మెకానిక్కు ఎవరండీ? ఒకసారి కనిపిస్తే బాగుండు," అంది ఆమె. టేపు చుట్టి చేతికిస్తూ, "కనిపించాను," అన్నాడు అతను.

ఆ రోజు నుంచి ఆమె అతనితో ముక్తసరిగా మాట్లాడుతుంది. అతను మాత్రం ఆమె వచ్చే రోజున పనికి ఆలస్యంగా వెళతాడు.

"ఆంటీ, మా ప్రొఫెసరుగారు మిమ్మల్ని చూడాలంటున్నారు," అంది టేపమ్మాయి లోపలికి వస్తూనే.

"నన్నా? ఎందుకమ్మా?"

"మొన్న మీరు ఎక్కిన మెట్లు చూసి ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎక్కడికి వెళ్ళారాంటీ?"

అమ్మ ఒక క్షణం తడుముకుంది. "కూరగాయలకి."

"కూరగాయలు మేడ మీద అమ్ముతున్నారా?"

"తాజావి పైనే ఉంటాయి," అన్నాడు అతను.

అమ్మ అతనికేసి ఉరిమి చూసింది. టేపమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "వచ్చే వారం మిగతావాళ్ళందరినీ పిలిచి మీ చేత నాలుగు మాటలు చెప్పిస్తారట. ఆ సంగతి చెబుదామనే వచ్చాను. ఎలాగూ వచ్చాను కదా, గోడకి ఆనుకోండి, ఎత్తు చూస్తాను. నెలసరి ఆగాక మీకు..."

అమ్మ గట్టిగా దగ్గింది. "ఒరే, నువ్వు బాల్కనీలోకి వెళ్ళు. దుప్పటి ఎగిరిపోతుంది."

గాలే లేదు. అతను వెళ్ళాడు, కానీ చెవులు లోపలే వదిలేశాడు.

"మడమలు ఆంటీ."

"కిందే పెట్టాను."

"నేల మీదా, గాల్లోనా?"

మడమలు చూడడానికి ఆమె నేల మీదికి వంగింది. పక్కనే తెల్ల బూట్లున్నాయి. ఒక బూటు పక్కకు ఒరిగి ఉంటే సరిచేయబోయి, చేతిలోకి తీసుకుంది. అడుగుభాగం తెల్లగా, అంగట్లోంచి తెచ్చినట్టే ఉంది. దాన్ని కాసేపు అలాగే పట్టుకుని, తరవాత రెండో బూటు పక్కన సరిగ్గా పెట్టింది.

"టీ తాగి వెళ్ళు తల్లీ," అంది అమ్మ ఎప్పటిలాగే.

"రూలు ఆంటీ. పరిశోధనలో ఉన్నవాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. చనువు పెరిగితే లెక్కలు వంగుతాయట."

"ఆ రూలు రాసినవాడికి వాళ్ళింట్లో ఎవరూ టీ ఇచ్చి ఉండరు."

ఆమె నవ్వి బయటికి వచ్చింది. అతను లిఫ్టు బటన్ నొక్కబోతుంటే, "మెట్లు దిగుదాం. మీకు అలవాటేగా," అంది.

ఆ మాటతోనే అతనికి అర్థమైంది. ఒక మలుపు తిరిగాక ఆమె ఆగింది.

"చొక్కా పైకెత్తండి," అంది.

"ఏమిటండీ ఇది, మెట్ల మీద..."

"జోకులు వద్దు."

అతను చొక్కా అంచు ఎత్తాడు. బిళ్ళ మీద చిన్న పచ్చలైటు అమాయకంగా వెలుగుతోంది.

"అమ్మ బయటికి వెళ్ళడం మానేసిందండీ," అన్నాడు నెమ్మదిగా. "చేయి నొప్పి అంటుంది. నొప్పి ఎప్పుడో తగ్గింది. నడవకపోతే పరిశోధనలోంచి తీసేస్తారని, మీరు రావడం మానేస్తారని బెంగ. మీరొచ్చే రోజు పొద్దుటినుంచే తలుపు దగ్గర కుర్చీ వేసుకుంటుంది. నాన్న పోయాక ఆమె ఎవరి కోసమూ అలా కూర్చోలేదు. అందుకని..."

"అందుకని మీ కాళ్ళు అరువిచ్చారు."

"ఇంత చిన్న బిళ్ళతో ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను."

"మీ కాళ్ళు నడిచాయి. ఆమె ఎముకలు ఇంట్లో కూర్చున్నాయి." ఆమె గొంతు పెంచలేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. "రేపు స్కానులో అవి ఇంకా పలచబడి కనిపిస్తే మేమేం అనుకోవాలి? ఇంత నడిచినా లాభం లేదనేగా. ఆ మాట విని నడక మానేసే ఆడవాళ్ళకి మీరు జవాబు చెబుతారా?"

"ఒక్క మా అమ్మ వల్ల అంత తేడా వస్తుందా?"

"ప్రతి ఇంట్లో ఒక కొడుకు అలాగే అనుకుంటే వస్తుంది."

మరో మలుపు. కిటికీలోంచి మబ్బు పట్టిన ఆకాశం కనిపించింది.

"రాత్రిళ్ళు ఫ్యాను దగ్గర మీ ఇద్దరికీ గొడవట కదా," అంది ఉన్నట్టుండి.

"చలిలో కూడా ఫుల్లు పెడుతుందండీ. మొండితనం."

"మొండితనం కాదు. ఆ వయసులో ఒంట్లోంచి ఆవిర్లు పుడతాయి. ఉన్నపళాన పొయ్యి ముందు కూర్చోబెట్టినట్టు ఉంటుంది. నిద్ర పట్టదు. ఆమె మీకు చెప్పరు, మీరు అడగరు."

అతను రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు. కిందటి వారమే అతను విసురుగా లేచి ఫ్యాను ఆపేశాడు. అమ్మ లేచి బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది.

"ప్రొఫెసరుగారికి ఇవాళే చెప్పాలి," అంది ఆమె.

"రెండు రోజులు ఆగకూడదా? నేను అమ్మని నడిపిస్తాను."

"నడిపించండి. నేను చెప్పేది మాత్రం ఇవాళే చెబుతాను."

"చెబితే?"

"ఆంటీని తీసేస్తారు. వచ్చే వారం బిళ్ళ తీసుకెళ్ళడానికి వస్తాను. ఆ తరవాత రాను." చివరి మాట రెయిలింగుతో చెప్పినట్టు చెప్పింది.

"అయితే లిఫ్టు తలుపు మళ్ళీ మామూలుగా పెట్టేయాలి."

"అంటే?"

"మీ సంచి ఇరుక్కున్న రోజు నుంచి అది ఆలస్యంగా మూసుకునేలా పెట్టాను. మేడలో అందరూ తిట్టుకుంటున్నారు."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే తిరిగి గబగబా దిగిపోయింది. బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె గొడుగు తెరవలేదు, సంచి మాత్రం గుండెలకు హత్తుకుని పరిగెత్తింది.

సాయంత్రం అతను అమ్మకు అంతా చెప్పి, బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వెందుకు ఒప్పుకున్నావురా? ఏదో ఒకటి చెప్పలేకపోయావా?"

"ఆమె బూటు చూసిందమ్మా. బూటుకి నేనేం నేర్పను?"

అమ్మ మూతి ముడుచుకుంది. ఆ వారమంతా వాన. అమ్మ అతనికి అన్నం పెట్టింది, బట్టలు మడతపెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. అతను పడుకునే ముందు తనే ఫ్యాను ఫుల్లు చేసి, రెండు దుప్పట్లు ముసుగు తన్ని పడుకున్నాడు. అమ్మ ఆ ముసుగుకేసి చాలాసేపు చూసింది. మూడో దుప్పటి తెచ్చి కప్పింది.

వారం తిరిగాక టేపమ్మాయి వచ్చింది. వాన వెలిసింది కానీ ఆమె జడ చివర ఇంకా తడి ఉంది. బల్ల మీది బిళ్ళ తీసి సంచిలో వేసుకుంది.

"నన్ను తీసేశారా?" అంది అమ్మ.

"తీసేశారాంటీ. మీరు చేరిన రోజు నుంచీ ఉన్న అడుగులన్నీ తీసేశారు."

"నీకు చీవాట్లు పడ్డాయా?"

"పడ్డాయి. ఇన్నాళ్ళూ బూట్లు ఎందుకు చూడలేదని."

"నా వల్ల," అంది అమ్మ. కాసేపటికి, "అయితే నేనిప్పుడు మీ లెక్కలో లేను," అంది.

"లేరు."

"మరి ఆ రూలు?"

టేపమ్మాయి సంచి భుజం మీంచి దించి కింద పెట్టింది.

"ఒరే, టీ పెట్టు," అంది అమ్మ. వారం రోజుల తరవాత అతనితో ఆమె అన్న మొదటి మాట అదే.

అతను వంటింట్లోకి దాదాపు పరిగెత్తాడు. పొయ్యి వెలిగిస్తుంటే ముందుగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"చేయి విరిగినందుకు కాదమ్మా నేను బయటికి పోనిది. ఆ రోజు తడి రోడ్డు మీద జారాను. ఒక బడిపిల్ల పరిగెత్తుకొచ్చి లేపింది. మంచి పిల్ల. వాళ్ళమ్మతో, 'పాపం, ముసలమ్మ పడిపోయింది' అంది. నేను చుట్టూ చూశాను, ఎవరా ముసలమ్మ అని." అమ్మ నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. "తరవాత కాలు బయట పెడదామంటే, మళ్ళీ పడతానేమో, మళ్ళీ ఆ మాట వింటానేమో అని."

టీ పొంగుతోంది. అతను మంట తగ్గించడం మరిచిపోయి వింటున్నాడు.

"మా అమ్మ ఒకప్పుడు నాకంటే పొడుగు ఆంటీ," అంది టేపమ్మాయి. "చిన్నప్పుడు అటక మీది డబ్బాలు పీట లేకుండా అందుకునేది. నేను చదువుకని వెళ్ళి వచ్చినప్పుడల్లా కొంచెం తగ్గినట్టు ఉండేది. నేనే పెరుగుతున్నాననుకున్నాను. వీపు వంగితే పనెక్కువై అలసిపోయింది అనుకున్నాం. ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది, వెన్నులో ఎముకలు ఒకదాని మీద ఒకటి నలిగిపోతున్నాయని. ఇప్పుడు నా భుజం దాకా వస్తుంది. నన్ను చూడాలంటే తల పైకెత్తాలి. ఎత్తలేకపోతోంది. అందుకే నేను ప్రతిసారీ మీ మడమలు చూసేది."

అతను గబుక్కున మంట తగ్గించాడు.

అతను మూడు కప్పులు పట్టుకుని వచ్చాడు. అమ్మ తన కప్పు అందుకుని పక్కన పెట్టేసింది. టేపమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఒక గుక్క తాగి, కళ్ళు చిన్నవి చేసింది.

"ఏమైంది?"

"చక్కెర లేదు."

"అయ్యో. ఇటివ్వండి, వేసి తెస్తాను."

"వద్దు." ఆమె ఇంకో గుక్క తాగింది. "చాలా రోజులుగా ఆగిన టీ. ఎలా ఉన్నా తాగుతాను."

"వచ్చే వారం మరిచిపోను."

"వచ్చే వారం నేనెందుకొస్తాను?"

"వేశానో లేదో చూడాలి కదా. ఒక్క వారం చూసి తేల్చేస్తే అదేం పరిశోధన?"

ఆమె నవ్వింది. నవ్వు దాచుకోవడానికి కప్పు సరిపోలేదు. "మీ లిఫ్టు తలుపు ఇంకా అలాగే ఉంది," అంది. "నేను ఎక్కాక కూడా తెరుచుకునే ఉంది."

"ఇంకెవరైనా వస్తారేమోనని చూస్తుంది."

"దానికి చెప్పండి, ఇంకెవరూ రారని. నేనే వస్తానని."

అతను ఏదో అనబోయాడు. అప్పుడు వెనక ఏదో చప్పుడైంది.

అమ్మ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని తెల్ల బూట్లు వేసుకుంటోంది. ఎడమచేత్తో లేసు పట్టుకుంది. కుడిచేయి ఒడిలోంచి నెమ్మదిగా లేచి రెండో కొస అందుకుంది. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది.

అతను సాయానికి ఒక అడుగు వేశాడు. టేపమ్మాయి అతని చొక్కా చేయి పట్టుకుని ఆపింది. ఆపాక కూడా వదల్లేదు.

అమ్మ లేచి, మూలనున్న గొడుగు తీసుకుంది. వాళ్ళకేసి చూడలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది.

తెరిచి ఉన్న తలుపులోంచి ఇద్దరూ చూస్తున్నారు. అమ్మ అలవాటుగా బటన్ నొక్కింది. లిఫ్టు వచ్చి, తలుపు తెరుచుకుని, ఆమె కోసం చాలాసేపు ఆగింది. చివరికి ఖాళీగానే మూసుకుంది. మెట్ల మీద కొత్త బూట్ల చప్పుడు, ఒక్కొక్క మెట్టు దగ్గరా కాస్త ఆగుతూ, కిందికి దిగుతూ వినిపించింది.