ముడి వేసిన గోతాం

ఉషారాణి మళ్లీ లైఫ్ జాకెట్ వేసుకుంది. చుక్కాని పట్టుకుని కూర్చున్న లోవరాజుకి ఒళ్లు మండిపోయింది.

ఆకాశంలో మబ్బు లేదు, గోదావరిలో అల లేదు. పడవలో ఉన్న ఇరవై మందీ నిశ్చింతగా కబుర్లు చెప్పుకుంటున్నారు. నది మధ్య లంకలో నర్సు ఉద్యోగానికి వెళ్లే ఈవిడ మాత్రం సముద్రం ఈదబోతున్నట్టు, సొంతంగా కొనుక్కున్న ఆ నారింజ రంగు సరంజామా బిగించుకుని ముందు బల్ల మీద కూర్చుంటుంది. అది చూసి పాతవాళ్లు నవ్వుకుంటుంటే, పడవకేదో అయిందనుకుని కొత్తవాళ్లు దిగిపోయి పక్కనే ఉన్న పెద్దిరాజు పడవెక్కుతున్నారు. అందులో లైఫ్ జాకెట్లే లేవు, కాబట్టి భయమూ లేదు.

పోనీ ఆమెనే ఆ పడవెక్కమందామా అంటే, ఆమె రాని ఆదివారాలు లోవరాజుకి రేవుకి రాబుద్ధే కాదు. ఆ మాట ఆమెతో చెప్పడానికి మూడు నెలలుగా ధైర్యం కూడగట్టుకుంటూనే ఉన్నాడు.

"మీరలా వేసుకుంటే జనం బెదిరిపోతున్నారండి," అన్నాడు చివరికి.

"మీ దగ్గరున్నవి విప్పి అందరికీ ఇవ్వండి. అప్పుడెవరూ బెదరరు," అందామె.

అవి చుక్కాని పక్కన గోతాంలో ఉన్నాయి. తనిఖీకి వచ్చినవాళ్లకి కొత్తగా కనిపించాలని, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా నైలాన్ తాడుతో ముడి మీద ముడి వేసింది లోవరాజే. వాడితే మాసిపోతాయని అతని బాధ.

ఆ సాయంత్రం తిరిగొస్తుంటే నది మధ్యలో గాలివాన పట్టుకుంది. ఇంజిన్ కూడా అప్పుడే ఆగిపోయింది. జనం లేచి ఒకే పక్కకి తోసుకొచ్చారు. పడవ ఒరిగింది. లోవరాజు గోతాం లాగి విప్పబోయాడు. తడిసిన ముడి ఎంతకీ రాలేదు. వేసిన తనను తానే తిట్టుకున్నాడు.

"ఎవరూ తోసుకోకండి. ఉన్నచోటే కూర్చోండి," అంది ఉషారాణి గట్టిగా.

పొద్దున్న ఆమెను చూసి నవ్వినవాళ్లే ఇప్పుడు బుద్ధిగా కూర్చున్నారు. ఇద్దరైతే ఆమె చున్నీ కూడా వదల్లేదు. పడవ నిలదొక్కుకుంది. నాలుగోసారికి ఇంజిన్ అందుకుంది.

మర్నాడు లోవరాజు గోతాం కోసి లైఫ్ జాకెట్లు అందరికీ పంచి, తనూ ఒకటి వేసుకున్నాడు. పక్క పడవలో జనం తమకెందుకు లేవని పెద్దిరాజుని నిలదీశారు.

"ఈతొచ్చిన నేనే వేసుకున్నాను, చూశారా?" అన్నాడు ఉషారాణితో, కాస్త గొప్పగా.

"ఈత నాకూ వచ్చు."

అతనికి మళ్లీ ఒళ్లు మండింది. "మరి మూణ్ణెల్లుగా నన్నెందుకండి ఇలా ఏడిపించడం?"

"మా నాన్నకి నాకంటే బాగా వచ్చండి. చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు." ఉషారాణి నీళ్లవైపు చూసింది. "రోజూ మీరు అక్కడ ఉత్తి చొక్కాతో కూర్చుంటే చూడలేకపోయాను. చెబితే వినే మనిషి కాదుగా, అందుకే వేసుకుని చూపించాను."

కూడగట్టుకున్న మాటలన్నీ లోవరాజు మర్చిపోయాడు. లంక రేవు దగ్గరపడుతుండగా ఒక్కటి మాత్రం గుర్తొచ్చింది.

"ఆదివారం మా అమ్మని లంక నుంచి మీ ఇంటికి తీసుకురానాండి?"

ఉషారాణి నవ్వింది.

"తీసుకురండి. ఆవిడకీ లైఫ్ జాకెట్ వేసి."